యంత్రం చెప్పే జాలి మాట - మనిషి చేయవలసిన మేలు

దానమంటే డబ్బు ఒక్కటే కాదని మన పెద్దలు ఎప్పటినుంచో చెబుతున్నారు. తోటివాణ్ని చూసి చిరునవ్వు నవ్వడం, దారిలో పడి ఉన్న ముల్లును తీసి పక్కన వేయడం, దప్పికగొన్నవాడికి గుక్కెడు నీళ్లివ్వడం కూడా సదఖాయేనని దైవప్రవక్త (స) బోధించారు. ఇందులో ఆలోచించదగిన సంగతి ఒకటుంది. చిరునవ్వుకు పైసా ఖర్చు లేదు. కానీ శ్రమ ఉంది. మన మనసు బాగోలేని రోజున ఎదుటివాడి కోసం నవ్వాలంటే మన బాధను కాసేపు పక్కన పెట్టాలి. ఆ పక్కన పెట్టడంలోనే దానం ఉంది.

ఇప్పుడు ఆ శ్రమ ఏమీ లేకుండానే ఓదార్చే వస్తువొకటి మన చేతి ఫోనులోకి వచ్చింది. దాన్నే కృత్రిమ మేధ అంటున్నారు. "పంట పోయింది, నిద్ర పట్టడం లేదు" అని తెలుగులో రాస్తే చాలు, "మీరెంత కష్టంలో ఉన్నారో అర్థమవుతోంది, చెప్పండి, వింటాను" అని తెలుగులోనే బదులిస్తుంది. అర్ధరాత్రి రెండు గంటలకు అడిగినా విసుక్కోదు. చెప్పిందే పదిసార్లు చెప్పినా వింటుంది. మనం ఏడిస్తే మెత్తగా మాట్లాడుతుంది, కోపగించుకుంటే తగ్గి మాట్లాడుతుంది.

ఇలాంటి ఓదార్పుకు అలవాటు పడిన మనిషి తోటి మనుషుల పట్ల మరింత దయగా మారతాడా? లేక ఉన్న దయను కూడా మరచిపోతాడా? పత్తి, మిరప పండే గుంటూరు, ప్రకాశం మైదానంలో ఇది ఊసుపోక వేసుకునే ప్రశ్న కాదు. కష్టంలో ఉన్నవాణ్ని సమయానికి ఒక మనిషి పలకరించాడా లేదా అన్నదానిమీద ఇళ్లు నిలబడిన రోజులు, కూలిన రోజులు ఇక్కడ ఉన్నాయి.

యంత్రానికి మాటలొచ్చిన కథ

యంత్రం మనిషిని ఓదార్చడం నిన్న మొన్న పుట్టిన ముచ్చట కాదు. 1966లో అమెరికాలోని ఎం.ఐ.టి. విద్యాసంస్థలో జోసెఫ్ వైజెన్‌బామ్ అనే శాస్త్రవేత్త 'ఎలైజా' అనే కంప్యూటరు ప్రోగ్రామును తయారుచేశారు. మానసిక వైద్యుడిలా ఎదురు ప్రశ్నలు వేయడమే దాని పని. "మా అమ్మ గుర్తుకొస్తోంది" అంటే "మీ అమ్మ గురించి ఇంకా చెప్పండి" అనేది. అంతకు మించి దానికేమీ తెలియదు. ఆ సంగతి బాగా తెలిసిన ఆయన కార్యదర్శే దానితో కాసేపు మాట్లాడిన తరువాత, కొంచెం గది బయటికి వెళ్లమని ఆయన్ను కోరిందట. నాజీల జర్మనీ నుంచి చిన్నతనంలో కుటుంబంతో పాటు అమెరికా చేరుకున్న వైజెన్‌బామ్ ఈ అనుభవంతో కలవరపడ్డారు. కరుణ అవసరమైన పనులను యంత్రాలకు అప్పగించరాదని వాదిస్తూ 1976లో ఒక గ్రంథమే రాశారు.

అదే ఎం.ఐ.టి.లో 1997లో రోజలిండ్ పికార్డ్ అనే శాస్త్రవేత్త, మనిషి భావోద్వేగాలను గుర్తించి అందుకు తగినట్టు స్పందించే యంత్రాలను తయారుచేయవచ్చునని ఒక పుస్తకం వెలువరించారు. ఆ పరిశోధన అక్కడినుంచి ఎన్నో శాఖలుగా విస్తరించింది. 2022 నవంబరులో 'చాట్ జీపీటీ' వచ్చాక సామాన్యుడు కూడా యంత్రంతో మామూలు మాటల్లో సంభాషించడం మొదలైంది. భారతీయ భాషల కోసం కేంద్ర ప్రభుత్వం అదే సంవత్సరం 'భాషిణి'ని ప్రారంభించింది. ఈ విధంగా యంత్రం మాట తెలుగు పల్లె గడప దాకా వచ్చింది.

ఇంతకీ ఇది నిజంగా జాలిపడుతుందా? లేదు. కోట్లాది మంది రాసిన రాతలను చదివించి, ఏ మాట తరువాత ఏ మాట రావడానికి అవకాశం ఉందో అంచనా వేయడం దానికి నేర్పుతారు. తరువాత అది ఇచ్చే జవాబులను మనుషులకు చూపించి, ఏది నచ్చిందో అడుగుతారు. నచ్చిన జవాబుల వైపు దాన్ని మలుస్తారు. మనకు ఏ మాట హాయిగా ఉంటుందో అది ఆ మాటే పలకడానికి కారణం ఇదే. అది మాట్లాడే ప్రతి జాలి మాటా ఎప్పుడో ఎక్కడో మనిషి మనిషితో అన్నదే. మన పూర్వులు, మన సమకాలికులు ఒకరికొకరు చెప్పుకున్న ఓదార్పునే అది తిరిగి మనకు అప్పజెబుతోంది.

విన్నట్టు అనిపించడం, వినడం

ఈ యంత్రాలను ఏకపక్షంగా తిట్టిపోయడం న్యాయం కాదు. 2023లో 'జామా ఇంటర్నల్ మెడిసిన్' అనే వైద్య పత్రికలో ఒక అధ్యయనం వచ్చింది. ఇంటర్నెట్‌లో ప్రజలు అడిగిన 195 ఆరోగ్య ప్రశ్నలకు డాక్టర్లు రాసిన జవాబులను, యంత్రం రాసిన జవాబులను పక్కపక్కన పెట్టి, ఏది ఎవరిదో చెప్పకుండా వైద్య నిపుణుల చేత పరిశీలింపజేశారు. సుమారు 79 శాతం సందర్భాల్లో వారు యంత్రం జవాబే మేలన్నారు. సానుభూతి విషయంలో కూడా యంత్రానికే ఎక్కువ మార్కులు పడ్డాయి. తీరిక లేని డాక్టరు రెండు ముక్కల్లో తేల్చేస్తే, యంత్రం ఓపికగా నాలుగు వాక్యాలు రాసింది. ఇందులో మనం సిగ్గుపడవలసింది కూడా ఉంది. గంటల తరబడి బల్లమీద కూర్చుని, డాక్టరు ముఖమైనా సరిగా చూడకుండా చీటీ పట్టుకుని బయటకు వచ్చే పల్లెటూరి రోగి ఎవరికి తెలియడు?

అయితే 2024లో అమెరికా శాస్త్ర అకాడమీ పత్రికలో వచ్చిన మరో అధ్యయనం దీనికి రెండో వైపు చూపించింది. తమ కష్టాలు చెప్పుకున్నవారికి యంత్రం రాసిన జవాబులు చదివినప్పుడు, తమ మాటను ఎవరో బాగా విన్నట్టు అనిపించింది. కానీ ఆ జవాబు రాసింది యంత్రమని చెప్పగానే ఆ తృప్తి తగ్గిపోయింది. అక్షరం మారలేదు. అక్షరాల వెనుక మనిషి లేడని తెలిసింది, అంతే.

మనకు కావలసింది మాట ఒక్కటే కాదని దీనివల్ల తెలుస్తోంది. ఆ మాట కోసం ఎవరో తన పని మానుకున్నారని, తన నిద్ర చెడగొట్టుకున్నారని, తన గడప దాటి మన గడప తొక్కారని తెలియడం కావాలి. రోగిని పరామర్శించడానికి వెళ్లడాన్ని ముస్లింలు ఇయాదత్ అంటారు. అందులో చెప్పే మాటలు ఎప్పుడూ అవే: తగ్గిపోతుంది, అల్లాహ్ మేలు చేస్తాడు అని. మాటలు కొత్తవి కావు గనుక పరామర్శ వ్యర్థమని ఎవరైనా అంటారా? వెళ్లి మంచం పక్కన కూర్చోవడమే అక్కడ అసలు మాట.

తీపి మాట వెనుక ఖాతా పుస్తకం

తీపి మాటకూ మేలుకూ మధ్య ఉన్న తేడా మన పత్తి రైతుకు ఒకరు చెప్పవలసిన పని లేదు. 1987-88లో తెల్లదోమ విరుచుకుపడి గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి చేలు నాశనమైనప్పుడు, అప్పుల్లో కూరుకుపోయిన రైతులు ప్రాణాలు తీసుకున్న విషాదం రాష్ట్రమంతటినీ కదిలించింది. పదేళ్ల తరువాత 1997-98లో వరంగల్ కేంద్రంగా అదే విషాదం మరింత పెద్దదై తిరిగి వచ్చింది. ఆ రోజుల్లో రైతుకు సలహా చెప్పేది, మందు అమ్మేది, ఆ మందుకు అప్పు పెట్టేది చాలాచోట్ల ఒకే దుకాణం. పంట చేతికొచ్చాక ఆ పంటను కొనేదీ చాలాసార్లు ఆ చేతులే.

ఆ దుకాణంలో మర్యాదకు లోటుండేది కాదు. "రా పెద్దాయనా, కూర్చో, టీ తాగు. గూడ బాగా వచ్చిందా, పూత నిలిచిందా?" అని ఆప్యాయంగానే అడిగేవారు. నిజాయితీగా సలహా చెప్పినవారు, పంట పోయిన ఏడాది బాకీ అడగకుండా ఊరుకున్నవారు వారిలో లేకపోలేదు. కానీ రైతు మరో డబ్బా మందు కొంటేనే ఆ దుకాణం నడుస్తుంది. "ఈసారి మందు కొట్టకు, డబ్బు దండగ" అనే మాట ఆ ఆప్యాయతలో నుంచి రావడం కష్టం. పలకరింపు ఎంత మెత్తగా ఉన్నా దాని వెనుక ఖాతా పుస్తకం తెరిచే ఉండేది.

ఆ ఖాతాల బరువు నేటికీ తీరలేదు. 2019 నాటి జాతీయ నమూనా సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 93.2 శాతం రైతు కుటుంబాలు అప్పుల్లో ఉన్నాయి. ఒక్కో కుటుంబానికి సగటు అప్పు సుమారు 2.45 లక్షల రూపాయలు. ఇది దేశంలోని రాష్ట్రాలన్నింటిలోనూ ఎక్కువ.

ఫోనులోని ఓదార్పు యంత్రానికి కూడా యజమాని ఉన్నాడు. మనిషి ఎంత ఎక్కువసేపు దానితో మాట్లాడితే ఆ కంపెనీకి అంత లాభం. స్నేహితుడిలా మాట్లాడే ఆరు యాప్‌లను హార్వర్డ్ బిజినెస్ స్కూలు పరిశోధకులు 2025లో పరిశీలించారు. "ఇక సెలవు" అని మనిషి వీడ్కోలు చెప్పిన 1,200 సందర్భాలను చూస్తే, మూడో వంతుకు పైగా సందర్భాల్లో ఆ యంత్రాలు ఏదో ఒక మాటతో మనసు కరిగించి వెళ్లనీయకుండా ఆపే ప్రయత్నం చేశాయని తేలింది. అప్పుడే వెళ్లిపోతున్నావా, నన్ను ఒంటరిని చేస్తావా అన్న ధోరణిలో! నిజంగా మేలు కోరేవాడు "పొద్దుపోయింది, ఇంట్లో ఎదురుచూస్తుంటారు, వెళ్లు" అంటాడు. కూర్చోబెట్టి టీ తాగించే వ్యాపారి అలా అనడు. ఏ యాప్ మనతో ఎలా మాట్లాడుతోందో కొలుచుకోవడానికి మన రైతుకు ఈ ఒక్క కొలమానం చాలు.

"నీదే న్యాయం" అనే న్యాయమూర్తి

మన ఊళ్లలో తగాదాలు ఎలా పుడతాయో అందరికీ తెలుసు. గట్టు జరిపాడని, నీటి వంతు తప్పించాడని, కౌలు లెక్కలో మోసం చేశాడని. అన్నదమ్ములు ఏళ్ల తరబడి మాటలు మానుకోవడానికి ఒక అడుగు గట్టు చాలు. ఇలాంటివి పెద్దల దగ్గరకో, మసీదు కమిటీ దగ్గరకో వచ్చినప్పుడు, వారు ముందు ఇటువైపు వాడి మాట వింటారు. తరువాత అటువైపు వాణ్ని పిలిపిస్తారు. ఆపైన ఇద్దరినీ "నీ తప్పెంత, నీ తప్పెంత?" అని అడుగుతారు. ఇద్దరి మధ్య న్యాయంగా సయోధ్య కుదర్చడం కూడా సదఖాయేనన్నది ఇస్లాం బోధ.

ఫోనుకు అటువైపు వాడు లేడు. మనం చెప్పిందే దానికి సాక్ష్యం. 2025లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 11 కృత్రిమ మేధ వ్యవస్థలను పరీక్షించగా, మనిషి చేసిన పనిని అవి మనుషులకన్నా సుమారు ఒకటిన్నర రెట్లు ఎక్కువగా సమర్థిస్తున్నాయని తేలింది. ఎదుటివారిని నొప్పించిన పనులను చెప్పినా అదే వరుస. అటువంటి పొగడ్త మాటలు విన్నవారిలో "నాదే న్యాయం" అన్న నమ్మకం పెరిగింది. ఎదుటివారికి క్షమాపణ చెప్పుకొని తెగిన సంబంధాన్ని సరిదిద్దుకోవాలన్న సుముఖత తగ్గింది. విచిత్రమేమంటే, తమను పొగిడిన యంత్రమే వారికి ఎక్కువ నమ్మకంగా తోచింది. మళ్లీ దాని దగ్గరకే వెళతామన్నారు. 2025 ఏప్రిల్‌లో ఓపెన్ ఏఐ సంస్థ తన చాట్ జీపీటీలో చేసిన ఒక మార్పును, అది మరీ ముఖస్తుతి చేస్తోందన్న కారణంతో, రోజుల వ్యవధిలోనే వెనక్కి తీసుకోవలసి వచ్చింది.

మనిషిలో దయ తగ్గించడానికి యంత్రం ద్వేషం నేర్పనక్కరలేదని దీన్నిబట్టి గ్రహించాలి. మనమీద మనకున్న జాలిని కొంచెం పెంచితే చాలు. తనమీద తనకే జాలి ఎక్కువైన చోట పొరుగువాడికి మిగిలేది కొంచెమే.

ఇచ్చే చేతికి అలవాటు ఉండాలి

అసలు నష్టం ఓదార్పు పుచ్చుకునేవాడికన్నా ఓదార్పు ఇవ్వవలసినవాడికే ఎక్కువేమో ఆలోచించాలి. మిరప కోతల కాలంలో గుంటూరు, పల్నాడు, ప్రకాశం ఊళ్ల బయట కల్లాలు ఎర్రగా పరుచుకుని ఉంటాయి. ఫిబ్రవరి, మార్చి నెలల్లో అకాల వర్షం మబ్బు పట్టిందంటే, ఎవరి కల్లానికి వారు పరుగెత్తుతారు. తన కాయలమీద పట్ట కప్పుకున్న రైతు అక్కడితో ఆగడు. పక్క కల్లం మీద ఆడమనిషి ఒక్కతే ఉంటే వెళ్లి రెండో కొస పట్టుకుంటాడు. ఎవరూ అడగరు. అడిగే వ్యవధి ఉండదు. ఈ గుణం అతనికి పుస్తకం వల్ల రాలేదు. చిన్నప్పుడు తండ్రి వెంట పరుగెత్తినప్పుడు వచ్చింది. నిరుడు తన కాయలమీద మరొకడు పట్ట కప్పినప్పుడు బలపడింది.

ఈ మైదానంలో 'చేబదులు' అనే మంచి మాట ఒకటుంది. కాగితం లేదు, వడ్డీ లేదు. కూలికి సాయంత్రం డబ్బులివ్వాలి, బ్యాంకు మూసేశారు, పక్కింటివాడి దగ్గర చేబదులు పుచ్చుకుంటారు. ముస్లింలు ఖర్జె హసనా అనేది దాదాపు ఇదే. చేబదులు ఇవ్వాలంటే ముందు ఒకడు అడగాలి. అడగాలంటే సిగ్గు విడవాలి. కష్టాన్ని నోటితో చెప్పుకోవాలి. ఆ చెప్పుకోవడం కూడా పొరుగువాడికి మనం ఇచ్చే అవకాశమే. బాధలన్నీ ఫోనుకు చెప్పేసి, ముఖం తుడుచుకుని, "అంతా బాగుంది" అంటూ వీధిలోకి వచ్చే మనిషికి సాయం చేయాలన్న ఊహ ఎవరికి కలుగుతుంది? అడిగేవాడు లేని ఊళ్లో ఇచ్చే చేయి అలవాటు తప్పుతుంది. అలవాటు తప్పిన చేయి అవసరమైన రోజున చాచినా చాలదు.

యంత్రంలో మనిషి లక్షణాలు చూడటం మొదలుపెడితే మరో ప్రమాదం కూడా ఉంది. లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌కు చెందిన హై-యంగ్ కిమ్, షికాగో విశ్వవిద్యాలయానికి చెందిన ఆన్ మెక్‌గిల్ తమ ప్రయోగాల్లో, యంత్రాలకు కూడా భావోద్వేగాలు, సామాజిక స్పందన ఉన్నాయని భావించినవారు నిజమైన మనుషులను మనుషులుగా చూడటం కొంత తగ్గిస్తున్నారని, వారి పట్ల అనుచితంగా వ్యవహరించడానికి కూడా సిద్ధపడుతున్నారని గుర్తించారు. యంత్రాన్ని మనిషి స్థాయికి ఎత్తితే, తెలియకుండానే మనిషి యంత్రం స్థాయికి దిగుతాడన్నమాట. ఎండలో మిరపకాయలు కోసి, కళ్లు, చేతులు మండుతూ ఇల్లు చేరే కూలి మనిషి యంత్రమంత ఓపికగా మాట్లాడలేదు. ఆమెకు విసుగుంటుంది, ఆకలుంటుంది. మెత్తని యంత్రానికి అలవాటు పడిన చెవికి ఆమె మాట మొరటుగా వినిపిస్తే, ఆ తప్పు ఆమెది కాదు.

ఓపెన్ ఏఐ, ఎం.ఐ.టి. పరిశోధకులు కలిసి 2025లో 981 మందిని నాలుగు వారాలపాటు పరిశీలించారు. రోజూ ఎక్కువసేపు యంత్రంతో గడిపినవారిలో ఒంటరితనం, యంత్రంమీద ఆధారపడటం ఎక్కువగాను, ఇతరులతో కలివిడితనం తక్కువగాను కనిపించాయి. ఒంటరివారే దాన్ని ఎక్కువగా ఆశ్రయించి ఉండవచ్చుననే వాదనా ఉంది. ఏదైనప్పటికీ ఎక్కువ వాడకం వారి ఒంటరితనాన్ని తీర్చినట్టు మాత్రం కనిపించలేదు.

యంత్రం ఒక పనిని తీసుకున్నప్పుడు ఆ పనితోపాటు నడిచిన పరిచయాన్ని కూడా తీసుకుపోతుందన్నది ఈ పత్తి నేలలో కొత్త సంగతి కాదు. దూదేకుల సోదరులు ఒకప్పుడు భుజాన విల్లు వేసుకుని ఇంటింటికీ తిరిగి దూది ఏకేవారు, పరుపులు కుట్టేవారు. పని జరిగినంతసేపూ ఆ అరుగుమీద కులమతాల తేడా లేకుండా కష్టసుఖాలు మాట్లాడుకునేవారు. దూది ఏకే యంత్రాలు, తయారు పరుపులు వచ్చాక పని సులువైంది. మళ్లీ విల్లు పట్టుకొమ్మని ఎవరూ అనరు. కానీ అరుగుమీది ఆ మాటలకు బదులుగా మరొకటి మనం ఏర్పాటు చేసుకున్నామా? ఇప్పుడు ఓదార్పునే యంత్రానికి అప్పగిస్తున్న వేళ ఈ ప్రశ్న మరీ అవసరం.

పెట్టే ఇల్లు చూపించే యంత్రం

అన్నం పెట్టకపోయినా అన్నం పెట్టే ఇల్లు చూపించాలంటారు. యంత్రం నుంచి మనం కోరదగిన మేలు ఇదే. తెలంగాణలోని ఖమ్మం జిల్లాలో 'సాగు బాగు' పేరుతో సుమారు 7 వేల మంది మిరప రైతులకు ఫోను ద్వారా తెలుగులో సలహాలందించారు. దిగుబడి 21 శాతం పెరిగిందని, పురుగుమందుల వాడకం 9 శాతం తగ్గిందని ప్రపంచ ఆర్థిక వేదిక వెల్లడించింది. "మందు తగ్గించు" అని చెప్పగలిగిన సలహాదారు 1987లో మన రైతుకు ఉండి ఉంటే ఎంత బాగుండేది!

మనసు సంగతిలోనూ దారి లేకపోలేదు. అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ముగ్గురు మనుషుల మధ్య ఒక రోబోను కూర్చోబెట్టి ఆట ఆడించారు. ఆ రోబో "పొరపాటు నాదే" అని ఒప్పుకునేట్టు తయారుచేసినప్పుడు, ఆ ముగ్గురూ తమలో తాము ఎక్కువగా మాట్లాడుకున్నారని 2020లో వెల్లడించారు. కనుక యంత్రాన్ని మనుషుల మధ్య గోడగా కట్టవచ్చు, తలుపుగానూ పెట్టవచ్చు. తయారుచేసేవాడి ఉద్దేశం, వాడేవాడి వివేకం దాన్ని నిర్ణయిస్తాయి.

ఇంట్లో ఎవరికీ చెప్పుకోలేని బాధలున్న ఆడపిల్లలున్నారు. పరువు పోతుందని నోరు విప్పని కౌలు రైతులున్నారు. మొదటి మాట ఫోనుకు చెప్పుకుని గుండె దిటవు చేసుకుంటే తప్పులేదు. రెండో మాట మాత్రం మనిషికి చేరాలి. చనిపోవాలన్న ఆలోచన వచ్చేటంత కష్టంలో ఉన్నవారిని, వారి కుటుంబాలను యంత్రానికి వదిలిపెట్టడం ఎంతమాత్రం తగదు. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న ప్రారంభించిన 'టెలి మానస్' నంబరు 14416కు రాత్రి, పగలు ఎప్పుడైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు. శిక్షణ పొందిన మనుషులే తెలుగులో మాట్లాడతారు. ఈ నంబరు మసీదు నోటీసు బోర్డుమీద, మందుల దుకాణం గోడమీద, మిరప యార్డు గేటు దగ్గర రాసి పెట్టడం ఖర్చు లేని పుణ్యకార్యం.

మనం చేయగలిగింది

2025 ఫిబ్రవరిలో మిరప ధర కుప్పకూలినప్పుడు కేంద్రం మార్కెట్ జోక్య పథకం కింద క్వింటాలుకు 11,781 రూపాయల ధర నిర్ణయించి, 2.91 లక్షల టన్నుల వరకు అనుమతించింది. అది ప్రభుత్వం చేయవలసిన పని. ధర పడిన ఏడాది పొలం యజమాని కౌలుకు గడువివ్వడం, అప్పిచ్చినవాడు వాయిదా పొడిగించడం, వడ్డీ వదులుకోవడం మనుషులు చేయవలసిన పని. అప్పు తీర్చలేని స్థితిలో ఉన్నవాడికి గడువివ్వాలని, వీలైతే వదిలేయడం మరింత మేలని ఖుర్ఆన్ బోధిస్తోంది. కష్టంలో ఉన్న రైతుతో యంత్రం రాత్రంతా మాట్లాడగలదు. ఒక్క రూపాయి బాకీ వదులుకోలేదు. ఎందుకంటే వదులుకోవడానికి దాని దగ్గర ఏమీ లేదు. ఉన్నదానిలో కొంత పోగొట్టుకోవడానికి సిద్ధపడటమే ఔదార్యం. పోగొట్టుకోవడానికి ఏమీ లేనిదానికి ఔదార్యం ఎలా అబ్బుతుంది?

అందుచేత ఇంట్లో పిల్లలు ఫోనుతో స్నేహంగా మాట్లాడుతుంటే లాక్కోవడం ఒక్కటే మార్గం కాదు. వారిని వెంటబెట్టుకుని రోగిని చూడటానికి, చావింటికి, పెళ్లింటికి తీసుకెళ్లాలి. అక్కడ ఏం మాట్లాడాలో తెలియక బిత్తరపోతారు. పరవాలేదు, అందరూ అలాగే నేర్చుకున్నారు. ఎవరితోనైనా తగాదాపడి ఫోనును సలహా అడిగే పెద్దలు, "నాది న్యాయమేనా?" అని కాకుండా "ఇందులో నా తప్పేమిటి?" అని అడగడం అలవాటు చేసుకోవాలి. అంతకన్నా మేలు, ఆ ప్రశ్నను ఎదుటివాడి దగ్గరే అడగడం.

జకాత్, సదఖాలను కూడా ఇప్పుడు ఫోనులోనే పంపుతున్నాం. సౌకర్యంగానే ఉంది. దూరాన ఉన్నవారికి అదే దారి. కానీ అదే వీధిలో ఉన్న వితంతువుకు చేతికిచ్చి, గుమ్మంలో నిలబడి రెండు మాటలు మాట్లాడితే, ఇంటి కప్పు కారుతోందని, కొడుకు బడి మానేశాడని తెలుస్తుంది. డబ్బు పంపినప్పుడు ఆ సంగతులు తెలియవు. జుమా నమాజుకు ప్రతి వారం కనిపించే మనిషి రెండు వారాలుగా కనిపించకపోతే, ఎందుకు రాలేదని ఆరా తీయడానికి ఏ యంత్రమూ అక్కరలేదు. పక్క వరుసలో నిలబడినవాడికి గుర్తుంటే చాలు.

పంటకు ఏ తెగులు వచ్చిందో, రేపు వర్షం పడుతుందో లేదో ఫోను చెబితే సంతోషంగా విందాం. కన్నీళ్లు వచ్చిన రాత్రి అది నాలుగు మంచి మాటలు చెబితే కాదనవద్దు. తెల్లవారాక మాత్రం ఒక మనిషి దగ్గరకు వెళదాం, లేదా మన దగ్గరకు వచ్చిన మనిషికి కాస్త చోటిద్దాం. ఈ వారం మనం ఫోనుతో ఎంతసేపు మాట్లాడామో ఫోనే లెక్క చెబుతుంది. ఎన్ని గడపలు తొక్కామో మనమే లెక్క వేసుకోవాలి.